విశాఖ ఇళ్ళలో చిన్నపిల్లలకు ప్రమాదాలు జరగకుండా చూసుకోవడం ఎలా

పిల్లవాడిని కనిపెట్టుకొని ఉండమన్న మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది కానీ, ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఏ ఇల్లూ క్షేమంగా ఉండలేదు. వీధి తలుపు గంట మోగినప్పుడు, పొయ్యి మీద పాలు పొంగినప్పుడు, ఫోను వచ్చినప్పుడు ఎంత జాగ్రత్త గల తల్లి చూపైనా పక్కకు మళ్ళుతుంది. రెండేళ్ళ బిడ్డ బాల్కనీలోని కుర్చీ ఎక్కడానికి గానీ, నీళ్ళ బకెట్‌లోకి వంగడానికి గానీ అంతకంటె ఎక్కువ సమయం అక్కరలేదు. అందువల్ల ఇక్కడ చెప్పే జాగ్రత్తలన్నీ ఒకే ఆలోచన మీద ఆధారపడినవి: పెద్దల చూపు తప్పిన ఆ నిమిషంలో కూడా బిడ్డకు హాని కలగని విధంగా ఇంటిని ముందే సర్దిపెట్టుకోవాలి. కనిపెట్టుకొని ఉండటం దానికి తోడు కావాలే గానీ, దానికి బదులు కాకూడదు.

ఇంటి నిండా మనుషులున్న రోజున బిడ్డ మీద చూపు పెరుగుతుందనుకుంటాము. నిజానికి తగ్గుతుంది, ఎందుకంటే ప్రతివారూ ఇంకొకరు చూస్తున్నారని అనుకుంటారు. పండుగలకూ శుభకార్యాలకూ బంధువులు వచ్చినప్పుడు “అత్తయ్యా, బాబు మీ దగ్గర ఉన్నాడు, నేను స్నానానికి వెళ్తున్నాను” అని పైకి చెప్పి, “సరేనమ్మా, నేను చూసుకుంటాను” అన్న జవాబు చెవిన పడిన తరువాతే అక్కడి నుంచి కదలాలి.

బోర్లపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు పంచే ఆచారం మన ఇళ్ళలో ఉన్నది. ఇల్లు సర్దడానికి అంతకంటె మంచి గుర్తు లేదు. బొబ్బట్లు వండిన వారంలోనే పాకే బిడ్డకు తగినట్టు నేలంతా ఖాళీ చేయాలి, గారెలు వండిన వారంలో నిలబడి లాగే బిడ్డకు తగినట్టు బల్లల అంచులు, వేలాడే వైర్లు, టేబుల్ మీది గుడ్డలు తీసివేయాలి, అరిసెలు వండే నాటికి ఎక్కే బిడ్డకు తగినట్టు బాల్కనీ, మెట్లు, కిటికీలు సిద్ధంగా ఉండాలి. బిడ్డ ఆ పని చేయగలిగిన తరువాత సర్దుదామనుకుంటే ఆలస్యమైనట్టే, ఎందుకంటే మొదటిసారి చేసినప్పుడు ఎవరూ చూడకపోవచ్చు.

బాల్కనీ, కిటికీ, మేడ

విశాఖపట్నంలో గ్రిల్ పెట్టించినంత మాత్రాన బాల్కనీ పని పూర్తయినట్టు కాదు. సముద్రం మీది గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి కనుక ఇక్కడ ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఊచ సిమెంటులోకి దిగే చోట నీరు నిలిచి, పైన రంగు కొత్తగా కనిపిస్తున్నా లోపల లోహం పొరలు పొరలుగా లేచిపోతూ ఉంటుంది. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, రుషికొండ వంటి తీరప్రాంతాలలో ఉండేవారు ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, తుపానుల కాలం దాటిన తరువాత ఒకసారి, ప్రతి ఊచ అడుగునా స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా గీకి చూడాలి. పెచ్చులు ఊడినా, మొన లోపలికి దిగినా, పట్టుకొని ఊపితే ఊచ కదిలినా రంగు వేసి సరిపెట్టకూడదు. వెల్డరును పిలిపించి ఆ ముక్క కోయించి కొత్తది వేయించాలి. అద్దె ఇల్లయితే ఇంటి యజమాని చేయించేదాకా ఆ బాల్కనీ తలుపు మూసి ఉంచడమే మంచిది. ఈ మధ్య అపార్టుమెంట్లలో పెట్టిస్తున్న సన్నని స్టీలు తీగల గ్రిల్ కోరుకునేవారు 316 రకం స్టీలు అడగాలి, ఎందుకంటే సాధారణమైన 304 రకం కంటె అది ఉప్పుగాలికి ఎక్కువగా తట్టుకుంటుంది. తీగలను గోడకు పట్టి ఉంచే మరలను కూడా అప్పుడప్పుడు చూడాలి.

నిలువు ఊచల మధ్య సందు నాలుగు అంగుళాలకు మించకూడదు. అంతకంటె వెడల్పున్న సందులో బిడ్డ శరీరం దూరిపోయి తల చిక్కుకోవచ్చు. పాత ఇళ్ళ గ్రిల్స్‌లో అడ్డ ఊచలు, పూల డిజైన్లు ఎక్కువగా ఉంటాయి. అవి పిల్లలకు నిచ్చెన మెట్లతో సమానం కనుక, లోపలి వైపున పెద్దవాళ్ళ ఛాతీ ఎత్తు వరకూ గట్టి పాలికార్బొనేట్ షీటు గానీ, సన్నని కళ్ళున్న ఇనుప జాలీ గానీ బిగించాలి. పావురాల కోసం కట్టిన వల, కిటికీకి బిగించిన దోమల జాలీ బిడ్డ బరువును ఆపలేవు. అవి ఉన్నాయన్న ధైర్యమే చాలా ఇళ్ళలో అసలు ప్రమాదం అని నా అభిప్రాయం.

గ్రిల్ ఎంత గట్టిదైనా దాని దగ్గర ఎక్కడానికి వీలైన వస్తువు ఉండకూడదు. కుర్చీ, పూలకుండీ, బోర్లించిన బకెట్, వాషింగ్ మెషీను, పాత పేపర్ల కట్ట ఇవన్నీ రెండేళ్ళ బిడ్డకు మెట్లే. గాలి కోసం మంచాన్ని కిటికీకి ఆనించి వేసుకోవడం మన ఊళ్ళో మామూలు విషయం. బిడ్డ పడుకునే గదిలో మాత్రం ఆ మంచాన్ని ఎదుటి గోడకు జరపాలి. తుపాను హెచ్చరిక ఉన్న రాత్రి ఇది మరింత అవసరం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు కిటికీ అద్దాలు పగిలి గదుల లోపలికి రావడం ఈ నగరం చూసింది. అయితే ఇంటినంతా ఊచలతో మూసివేసి దారి లేకుండా చేసుకోవడం కూడా తప్పే. అగ్నిప్రమాదం జరిగితే బయటపడడానికి కనీసం ఒక కిటికీ గ్రిల్‌కు తెరుచుకునే తలుపుండాలి, దాని తాళంచెవి పెద్దలందరికీ తెలిసిన చోట, బిడ్డకు అందని ఎత్తులో ఉండాలి.

మేడ మీద బట్టలు ఆరవేసేటప్పుడూ, వడియాలు పెట్టేటప్పుడూ బిడ్డను వెంట తీసుకువెళ్ళకుండా ఉండగలిగితే అదే ఉత్తమం. మేడ తలుపుకు గడియ కింద కాక పైభాగంలో ఉండాలి. కొండవాలు మీద కట్టిన ఇళ్ళలో వీధి నుంచి గుమ్మం దాకా నిటారైన మెట్లుంటాయి, చాలాచోట్ల పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అటువంటి ఇంట్లో గుమ్మం దగ్గరే వడ్రంగి చేత రెండున్నర అడుగుల ఎత్తు చెక్క గేటు చేయించి, గడియ బయటి వైపు పెట్టించుకోవాలి. పిల్లలను కూర్చోబెట్టి తిప్పే చక్రాల వాకర్‌ను మాత్రం ఏ ఇంట్లోనూ వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. దానిలో ఉన్న బిడ్డ ఊహించనంత వేగంగా మెట్ల దాకా, పొయ్యి దాకా వెళ్ళిపోగలదు. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. వాకర్ వల్ల నడక త్వరగా రాదు.

సాయంత్రపు గాలికి తలుపులు ధడేలున మూసుకోవడం ఇక్కడ అందరికీ అనుభవమే. తలుపు కీళ్ళ వైపు సందులో వేళ్ళు పెట్టడం పిల్లలకు అలవాటు కనుక, ప్రతి తలుపుకూ అడుగున రబ్బరు ఆపు పెట్టాలి, లేదా తలుపు పైఅంచు మీద మందపాటి తువ్వాలు మడిచి వేలాడదీయాలి; అప్పుడు తలుపు పూర్తిగా మూసుకోదు. బీరువా, పుస్తకాల అర, టీవీ స్టాండు గోడకు ఎల్ ఆకారపు బిగింపులతో కట్టించాలి. సొరుగులు లాగి వాటి మీద అడుగు పెట్టి ఎక్కే బిడ్డ మీదికి ఆ బరువంతా పడుతుంది.

నీళ్ళు

రోజులో కొంతసేపే కుళాయి వచ్చే వీధుల్లో నీళ్ళు పట్టి ఉంచుకోకుండా ఇల్లు గడవదు. అందువల్ల బకెట్లు, డ్రమ్ములు, సిమెంటు తొట్టెలు ప్రతి ఇంట్లోనూ నిండుగా ఉంటాయి. తప్పటడుగులు వేసే బిడ్డకు తల భాగం శరీరంలో ఎక్కువ బరువు. వంగి చూస్తే తలకిందులుగా పడుతుంది, చేతులతో లేచే బలం ఉండదు, అరవడానికి నోరు నీళ్ళ పైన ఉండదు. రెండు అంగుళాల లోతు నీళ్ళు కూడా ప్రాణం తీయగలవు. పక్క గదిలో ఉన్నవారికి చప్పుడు వినిపిస్తుందని అనుకోవద్దు, నీటిలో మునగడం చాలావరకు నిశ్శబ్దంగానే జరుగుతుంది.

కాబట్టి వాడిన బకెట్‌ను వెంటనే వంపి బోర్లించాలి, స్నానాలగది తలుపుకు పైన గడియ పెట్టించి ఎప్పుడూ వేసి ఉంచాలి. నిలవ నీళ్ళ డ్రమ్ముకు మరతో బిగుసుకునే మూత ఉండాలి, కేవలం పైన పెట్టిన పళ్ళెం మూత కాదు. ఆ మూత వల్ల డెంగీ దోమ గుడ్లు పెట్టకుండా ఉండే లాభం కూడా ఉంది. భూమిలోని సంపుకు ఇనుప మూత వేసి తాళం పెట్టాలి, ట్యాంకరు వచ్చి నీళ్ళు నింపే సమయంలో మూత తెరిచి ఉంటుంది గనుక ఆ కాసేపు బిడ్డను ఎవరో ఒకరు ఎత్తుకొనే ఉండాలి. స్నానం చేయించేటప్పుడు ఫోను మోగినా, తువ్వాలు మరిచినా బిడ్డను ఒంటరిగా వదలకూడదు. వెళ్ళక తప్పకపోతే తడి బిడ్డను చంకన పెట్టుకొనే వెళ్ళాలి.

వంటిల్లు, వేడినీళ్ళు, నిప్పు

చిన్నపిల్లలకు మన ఇళ్ళలో జరిగే కాలిన గాయాలలో మంట వల్ల వచ్చేవాటి కంటె వేడి ద్రవాలు మీద పడి వచ్చేవి ఎక్కువ. గంజి వార్చే గిన్నె, సాంబారు దించిన గిన్నె నేల మీద పెట్టే అలవాటు మానుకోవాలి. గిన్నెల పిడులు లోపలి వైపు తిప్పి ఉంచాలి, సాధ్యమైనంతవరకు వెనుక పొయ్యి వాడాలి. టీ గ్లాసు పట్టుకొని బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదు. పావుగంట ముందు కాచిన టీ అయినా లేత చర్మాన్ని కాల్చగలదు. వంటింటి గుమ్మానికి కూడా ఒక చిన్న చెక్క గేటు పెట్టించుకోగలిగితే ఈ భయం చాలావరకు తీరుతుంది.

స్నానపు నీళ్ళు బకెట్‌లో ముందుగా చన్నీళ్ళు పోసి, తరువాత వేణ్ణీళ్ళు కలపాలి. ఈ వరుస తారుమారైనందువల్లే ఎన్నో ప్రమాదాలు జరుగుతాయి. 60 డిగ్రీల సెల్సియస్ వేడి గల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాలుస్తుంది, అందువల్ల గీజరును 50 డిగ్రీల లోపున ఉంచాలి, నీళ్ళను వేలితో కాక మోచేతితో చూడాలి. బకెట్‌లో వేసే హీటరు రాడ్డు పిల్లలున్న ఇంట్లో ఉండనే కూడదు, అందులో కాలడమూ కరెంటు షాకూ రెండూ పొంచి ఉన్నాయి. తలంటిన తరువాత సాంబ్రాణి వేసే ఇళ్ళలో నిప్పుల కుంపటిని బిడ్డకు దూరంగా పెట్టి, పొగ పని అవగానే బయటికి తీసుకువెళ్ళి నీళ్ళు చల్లి ఆర్పాలి. పసిబిడ్డకు ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక పూర్తిగా మానినా నష్టం లేదు. తలంటే సమయంలో ముక్కులో నూనె చుక్కలు వేసే పద్ధతిని మాత్రం పెద్దవారికి గౌరవంగానే నచ్చజెప్పి ఆపించాలి. ఆ నూనె ఊపిరితిత్తులలోకి దిగి న్యుమోనియా తెస్తుంది.

కరెంటు విషయంలో చెప్పవలసింది కొద్దే. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైన వెంటనే సరఫరాను ఆపివేసే స్విచ్చి, ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుతో చూపించి, లేకపోతే పెట్టించాలి, నెలకొకసారి దాని టెస్ట్ బటను నొక్కి పనిచేస్తున్నదో లేదో చూడాలి. కింది సాకెట్లకు షట్టరు ఉన్న రకం వేయించాలి, ఫోను చార్జరును పని అవగానే తీసివేయాలి, ఎందుకంటే వేలాడే ఆ తీగ చివర బిడ్డ నోటికే వెళుతుంది.

నోట్లోకి వెళ్ళేవి

కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచిన కిరోసిన్, ఫినాయిలు, బాత్రూము యాసిడ్ – ఈ ఒక్క అలవాటు మానితే ఎందరో బిడ్డలు బతికిపోతారు. దాహం వేసిన బిడ్డకు సీసా మాత్రమే తెలుసు, లోపల ఏముందో తెలియదు. అటువంటివి కొన్నప్పటి సీసాలోనే, తాళం వేసిన పై అరలో ఉండాలి, సింకు కింద ఎన్నటికీ ఉండకూడదు.

దేవుడి గదిలోని హారతి కర్పూరాన్ని విషంగా ఎవరూ భావించరు. అయితే చిన్న బిడ్డ దానిని మింగితే కొద్దిసేపటికే మూర్ఛ రావచ్చు. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు పిప్పరమెంటు బిళ్ళల్లా కనిపిస్తాయి, కొందరు పిల్లలలో అవి ఎర్రరక్త కణాలను పగలగొడతాయి. పసుపు భాస్వరం కలిసిన ఎలుకల మందు పేస్టు వీటన్నిటి కంటె మోసకారి: మింగిన బిడ్డ ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ తరువాత కాలేయం పాడవుతుంది, దానికి విరుగుడు మందు లేదు. పిల్లలున్న ఇంట్లోకి దానిని తేనే కూడదు, ఎలుకలకు బోను పెట్టుకోవాలి. దోమల మందు ద్రావకం సీసాను పైనున్న సాకెట్‌లోనే పెట్టాలి.

తాతగారి షుగరు మాత్ర ఒక్కటి చాలు, బిడ్డ రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడానికి. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలు రంగు బిళ్ళల్లా ఉంటాయి, ఎక్కువ మింగితే ప్రాణాపాయం. తలగడ కింద, టీవీ మీద, చేతిసంచిలో మాత్రలు ఉంచే పెద్దవారికి ఒక తాళం డబ్బా కొనిపెట్టడం మంచి కానుక. బిడ్డకు మందు పట్టేటప్పుడు “చాక్లెట్” అని పిలవకూడదు. తాంబూలం వేసుకునేవారు ఇంట్లో ఉంటే సున్నం పొట్లాం గురించి ప్రత్యేకంగా చెప్పాలి: బిడ్డ నొక్కితే అది పగిలి కళ్ళలోకి చిమ్ముతుంది, చూపు పోయే ప్రమాదముంది. అలా జరిగితే ఆసుపత్రికి పరుగెత్తే ముందే కంటిని తెరిచి పట్టుకొని కనీసం పావుగంట సేపు శుభ్రమైన నీళ్ళు ధారగా పోయాలి.

గొంతుకు అడ్డుపడేవాటిలో వేరుశనగ గింజలు, వేయించిన శనగలు, సీతాఫలం గింజలు, చింతగింజలు ముందుంటాయి. నాలుగేళ్ళు దాటేవరకు గింజలను పొడి చేసి మాత్రమే పెట్టాలి. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. వేసవిలో తాటిముంజను కూడా చిన్న ముక్కలు చేసి నలిపి పెట్టాలి, అది జారుడుగా ఉండి నమలకుండానే గొంతులోకి పోతుంది. చేపలు తినే మన ఊళ్ళో నెత్తళ్ళు, కవళ్ళు వంటి సన్నముళ్ళ చేపలకు బదులు వంజరం ముక్క తీసుకొని, దానిని కూడా వేళ్ళతో నలిపి చూసి పెట్టాలి. బిడ్డ కూర్చొని తినాలి, పరుగెడుతూ కాదు. గాజులకూ మంగళసూత్రానికీ తగిలించే పిన్నీసులు బిడ్డ చేతికి అందకుండా తీసివేయాలి. రిమోటులో, బొమ్మలలో, గడియారంలో ఉండే గుండ్రని బటన్ బ్యాటరీ అన్నిటికంటె ప్రమాదకరం. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటలలోపే లోపలి కండను తీవ్రంగా కాల్చివేస్తుంది, మింగినట్టు అనుమానం ఉన్నా వెంటనే ఎక్స్‌రే తీయించాలి.

చీరతో కట్టిన ఉయ్యాల పసిబిడ్డ దిగిన తరువాత విప్పివేయాలి, ఆడుకుంటూ దానిని మెలివేసుకొనే పెద్దపిల్లలకు అది మెడకు చుట్టుకుంటుంది. బిడ్డ మెడలోని దృష్టి దారం నిద్రపోయే ముందు తీయాలి.

ప్రమాదం జరిగినప్పుడు

కాలిన చోట 20 నిమిషాల పాటు కుళాయి నీళ్ళు ధారగా పోయాలి, ఆ తరువాత శుభ్రమైన పల్చని గుడ్డ కప్పాలి. పసుపు, టూత్‌పేస్టు, సిరా, ఐసు ఏవీ వేయకూడదు. కిరోసిన్, యాసిడ్ మింగినప్పుడు వాంతి చేయించకూడదు, ఉప్పునీళ్ళు తాగించకూడదు, ఎందుకంటే వాంతిలో కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ గొంతును రెండోసారి కాలుస్తుంది. విషం గురించి సలహాకు న్యూఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117ను ఫోనులో ముందే రాసి ఉంచుకోవాలి.

గొంతుకు అడ్డుపడి బిడ్డ దగ్గలేకపోతే, ఏడవలేకపోతే, ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద తల కిందుగా బోర్లా పట్టుకొని వీపు మధ్య అయిదు దెబ్బలు అరచేతి మడమతో కొట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఒక అరచేతి మడమతో అయిదుసార్లు నొక్కాలి. ఏడాది దాటిన బిడ్డకు వీపు దెబ్బల తరువాత వెనుక నుంచి పట్టుకొని బొడ్డుకు పైన పిడికిలితో లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కాలి. వస్తువు కంటికి కనిపిస్తే తప్ప నోట్లో వేలు పెట్టి వెతకకూడదు, అది మరింత లోపలికి పోతుంది. నీళ్ళలో పడిన బిడ్డను తలకిందులుగా పట్టి గిరగిర తిప్పడం వల్ల ఏ మేలూ లేదు, విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఊదడం, ఛాతీ నొక్కడం వెంటనే మొదలుపెట్టాలి. ఇది చదివి వచ్చే విద్య కాదు, ఇంట్లో ఇద్దరైనా శిక్షణ పొందాలి.

తలకు దెబ్బ తగిలిన బిడ్డ స్పృహ తప్పినా, పదేపదే వాంతి చేసుకున్నా, లేపినా మగతగా ఉన్నా, ముక్కు లేదా చెవి నుంచి రక్తం గానీ నీరు గానీ కారినా ఆగకుండా తీసుకువెళ్ళాలి.

108కు ఫోను చేసినప్పుడు వీధి పేరుతో పాటు దగ్గరి గుర్తు కూడా చెప్పాలి, కొండవాలు వీధుల్లోకి వాహనం ఎంతవరకు రాగలదో చెప్పి ఒకరిని కింది రోడ్డు దాకా పంపాలి. మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి ఊరంతటికీ తెలిసినదే. అయితే మధురవాడ, గాజువాక వంటి దూరపు ప్రాంతాల వారు రాత్రివేళ కూడా పిల్లల వైద్యులుండే దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే విచారించి పెట్టుకోవాలి. మింగిన సీసా, మాత్రల అట్ట, ఎలుకమందు ట్యూబు ఏదైతే అది, ఎంత మింగినదో, ఏ సమయానికి మింగినదో రాసిన కాగితం, బిడ్డ టీకాల కార్డు వెంట తీసుకువెళ్ళాలి.